గంజి మీద నిలబడ్డ చీర

చొప్పదండి దశరథం మెత్తని మనిషి. ఎవరితోనూ గొడవ పెట్టుకునే రకం కాదు. కానీ తాను నేసిన చీరను ఎవరైనా ఒక్క మాట అంటే మాత్రం అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. నాట్లకూ కలుపులకూ పోయే ఆడవాళ్లు ఏడాదికి కొనుక్కునేది ఒక్క చీర. ఆ ఒక్కటీ దశరథం ఇంటికి వచ్చి కొనేవాళ్లు. వాళ్లలో ఐలవ్వది మరీ ధీమా. "నువ్వు నేసినంక నేను సూసుడేందన్నా" అని, మడత కూడా విప్పకుండా చంకన పెట్టుకుని పోయేది. అలా ఇరవై ఏళ్లు గడిచాయి.

పోలీసు చర్య జరిగిన మూడో ఏడు నూలుకు కరువొచ్చింది. దొరికే కాస్త నూలూ కరీంనగర్‌లో హనుమండ్లు సావుకారి గోదాములోనే ఉంది. దశరథం మగ్గం రెండు నెలలు చప్పుడు లేకుండా పడి ఉంది. ఇంట్లో జొన్న గటక కూడా ఒంటిపూటకు దిగింది. సావుకారి గడప తొక్కక తప్పలేదు.

నూలు ఇస్తానన్నాడు సావుకారి. నేసినవన్నీ తనకే ఇవ్వాలి, కూలి తాను కట్టిస్తాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తరువాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

"రెండు చీరెల నూలుతోటి మూడు దియ్యాలె దశరథం. అంచులు, కొంగు చిక్కగ కొట్టు. మడత మీద అగుపడేది గదే. నడుమ పోగులు జర దూరం జరుపు. గంజి దండిగ పెట్టినవనుకో, బండ లెక్క నిలవడ్తది."

"ఒక్కసారి తడిస్తె?"

"తడ్సినప్పటి సంగతి నీకెందుకు? నేసుడు నీ పని, అమ్ముడు నా పని. ఉత్తగ పరేషాన్ గాకు."

దశరథం లేచి వచ్చేశాడు. నాలుగు రోజులు ఆగి మళ్లీ వెళ్లాడు. ఆ నాలుగు రోజుల్లో ఏం జరిగిందంటే ఆకలి తప్ప ఏమీ జరగలేదు.

మగ్గం మీద కూర్చున్నప్పుడు తనకు తాను బాగానే సర్దిచెప్పుకున్నాడు. అబద్ధం ఆడేది సావుకారి నోరు, తన నోరు కాదు. ఆ చీర ఏ ఊరి అంగట్లో అమ్ముడుపోతుందో, ఎవరు కడతారో తనకు తెలియదు. ముఖం తెలియని మనిషికి తాను చేసిన ద్రోహమేమిటి? తాను కాదంటే ఇంకొకడు నేస్తాడు, చీర ఎలాగూ పలచనే అవుతుంది, పొయ్యి మాత్రం తన ఇంట్లో ఆరుతుంది. చీరలో వదిలేసిన చిక్కదనమంతా ఈ సాకులు నేయడంలో చూపించాడు మహానుభావుడు!

పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతున్న భార్య అనసూర్య ఒక్కటే మాట అడిగింది.

"నేసుడు నీది, అమ్ముడు ఆయినెది అంటున్నవ్. మరి కట్టుకునేదెవలయ్యా?"

"ఊకో" అన్నాడు. ఆమె ఊరుకుంది. ఆమె ఊరుకోకుండా ఇంకో నాలుగు మాటలు అని ఉంటే బాగుండేదని తరువాత ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు.

ఆషాఢంలో ఒక పొద్దున ఐలవ్వ వచ్చింది, ఎప్పటిలాగే చీర కోసం.

"ఇంట్ల లెవ్వు ఐలవ్వా. ఇప్పుడన్నీ సావుకారికే ఇస్తున్న."

"గంతే గదా. అంగట్ల ఆయిన దుకాణం వెట్టినప్పుడు నీ చీరె ఏదని అడిగి తీసుకుంట తియ్యి."

వద్దని ఒక్క మాట అంటే సరిపోయేది. ముఖం తెలియని మనిషి ఇప్పుడు గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. దశరథం తెగని పోగు ఏదో తెగినట్టు మగ్గం మీదికి వంగాడు.

శ్రావణం వచ్చింది. నేసిన ఆరు చీరలు మూటగట్టి నెత్తిన పెట్టుకుని, పైన గొంగడి కప్పుకుని దశరథం కరీంనగర్ బాట పట్టాడు. ఊరు దాటి కోసు దూరం పోయేసరికి వాన అందుకుంది. బాట పక్క పొలంలో నాట్లు పడుతున్నాయి. కానీ పాట వినబడటం లేదు. ఏడెనిమిది మంది ఆడవాళ్లు వీపులు బయటికి పెట్టి చుట్టూ నిలబడి ఉన్నారు. వాళ్ల నడుమ ఒక మనిషి బురదనీళ్లలో కూలబడి, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, రెండు చేతులతో ఒళ్లు దాచుకుంటోంది. గట్టు మీద అరక కట్టే మగవాళ్లు వాన సాకు పెట్టుకుని నిలబడి చూస్తున్నారు.

"ఓ దశరథన్నా!" అని కేకేసింది బాలలక్ష్మి, ఆ నాట్లకు పెద్దమనిషి. "ఐలవ్వ చీరె జూడు, కొత్త చీరె, తడ్సేటాల్లకు జల్లెడ లెక్కయింది. మగోళ్లు కదుల్తలేరు, ఈమె లేస్తలేదు. నీ మూటలకెల్లి ఒక చీరె ఇయ్యి, చుట్టి ఇంటికి తోల్కపోతం."

మూటలో ఆరు కొత్త చీరలున్నాయి. ఈ వానలో ఒక ఆడమనిషిని ఇల్లు చేర్చే చీర ఆ ఆరింట్లో ఒక్కటీ లేదు. ఆ సంగతి అక్కడ అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

"ఏందన్నా, ఇయ్యవా?"

గొంగడి తీసి అందించాడు. మూట తడిసిపోయింది. గంజి కరిగి తెల్లగా అతని చెంపల మీదుగా, మెడ మీదుగా కారింది. చీరలు పెట్టుకుని గొంగడి ఇస్తాడేమిటని ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. సావుకారి సొమ్మని జంకాడేమోలే అని సరిపెట్టుకున్నారు.

"నేసినోని చేతులిరుగ!" అంది బాలలక్ష్మి, ఐలవ్వకు గొంగడి చుడుతూ. అంతలోనే ఏదో గుర్తొచ్చి ఆగింది. "అవునే, దశరథన్న నేసిందని చెప్పి అమ్మిండని నువ్వే అంటివి గదనే?"

అందరి చూపులూ అతని మీదికి తిరిగాయి. ఐలవ్వ తల ఎత్తలేదు.

"తీ. గిది దశరథన్నదెట్లయితది? ఆయిన పేరు జెప్పి ఎవనిదో అంటగట్టిండ్రు."

రెండు మాటలు. నేనే నేసిన. ఆ రెండూ అనకుండా మూటను నెత్తిన సర్దుకున్నాడు. ఆడవాళ్లు ఐలవ్వను నడిపించుకుని అతని పక్క నుంచే వెళ్లిపోయారు.

దశరథం మిగిలిన నూలు సావుకారికి వాపసు ఇచ్చాడు. తడిసిన చీరలకు కూలి అడగలేదు. అనసూర్య కాళ్ల కడియాలు అమ్మి ఒక్క చీరకు సరిపడా నూలు కొన్నాడు. ఇన్నేళ్లలో అంత చిక్కగా ఎన్నడూ నేయలేదు. అది పట్టుకుని ఐలవ్వ గుడిసె ముందు నిలబడ్డాడు.

ఆమె గొంగడి ఉతికి ఆరేసి పెట్టింది. తెచ్చి ఇచ్చింది. అతను చీర చాపితే మాత్రం ఆమె చేయి ముందుకు రాలేదు.

"వద్దన్నా. మిల్లు చీరె తెచ్చుకున్న."

"ఐలవ్వా, గా చీరె నేనే నేసిన."

"నాకెర్కనే. ఇరువై ఏండ్లు నీ చీరెలే కడ్తి. కుచ్చిళ్లు వట్టంగనే నీ చెయ్యని తెల్సింది. గా బురదల కూసున్నప్పుడు గూడ తెల్సు."

దశరథం తల తీసేసినట్టయింది. "మరి గంత మందిల గట్లెందుకు అన్నవ్?"

ఐలవ్వ అతని వైపు మొదటిసారి సూటిగా చూసింది. కోపంగా చూసినా అతనికి కొంత తేలికయ్యేది.

"అందరి ముంగట నేనొక్కదాన్ని సిగ్గువడ్డది సాలదా అన్నా?"

దశరథం చీర చేతిలో పట్టుకునే ఇంటికి తిరిగొచ్చాడు.