మూడేళ్లకు పదిహేనేళ్ల సాక్ష్యం

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో జువాలజీ లాబ్ అసిస్టెంటు కొలువు నాకే వస్తుందని యూనివర్సిటీ క్యాంపస్‌లో అందరూ అనుకున్నారు. రెండేళ్లుగా అక్కడ తాత్కాలికంగా కప్పలు కోసి, స్లైడ్లు చేసి పెట్టింది నేనే మరి. పదిహేనేళ్లుగా ఇక్కడ ఉంటున్న ముల్కీలకే ఇచ్చే కొలువు అది. వచ్చింది మాత్రం అచ్యుతరామయ్యకు. తార్నాకలో మా ఇంటి ముందు గదుల్లో అద్దెకుండే మనిషి. గుడివాడ నుంచి వచ్చి మూడేళ్లయింది.

గుమస్తా వీరస్వామిని నిలదీస్తే ఫైలు తీసి ఒక కాగితం చూపించాడు. అచ్యుతరామయ్య పదిహేనేళ్లుగా తన ఇంట్లోనే ఉంటున్నాడని ఇంటి యజమాని ఇచ్చిన సాక్ష్యం. కింద ఉర్దూలో సంతకం. అది మా నాయన లక్ష్మయ్యది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి అడిగితే నాయన తల దించుకున్నాడు.

"రెండు నెల్ల కింద అడిగిండు బిడ్డా. పిల్లగాని స్కూలుకన్నడు. మూడేండ్లే గద సార్ అన్న. మేం మీ ఇంటి మనుషులం కాదా లక్ష్మయ్యగారూ అన్నడు. పొద్దున లేస్తే ముఖం చూసే మనిషికి లేదని ఎట్ల చెప్పాలె?"

మొహమాటం. మా వాళ్లను నిండా ముంచేది ఇదే. నా కొలువు జేబులో వేసుకుని కూడా అచ్యుతరామయ్య రోజూ "ఏమ్మా భారతమ్మా, బాగున్నావా?" అని నవ్వుతూ పలకరించేవాడు. ఆ నవ్వు చావడం నా కళ్లతో చూడాలి. నాకు కావలసింది అదొక్కటే.

కానీ ఫిర్యాదు చేస్తే ముందు చిక్కేది నాయన. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, ఇంకో ఏడాదిలో పెన్షను. అబద్ధపు సాక్ష్యమని తేలితే నౌకరీ పోతుంది, జైలైనా కావచ్చు. "ఊకో బిడ్డా, నాయనను బజార్ల నిలబెడుతవా?" అంది మా అమ్మ. నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. ఆ నాలుగు రోజులూ అన్నం సహించలేదు. ఐదో రోజు ఫిర్యాదు రాసి నాయనకు చదివి వినిపించాను. చివర ఆయన పేరు కూడా చదివాను.

"నా పేరు ఆఖరుకు రాసినవేంది?" అన్నాడు నాయన. "మొదలు రాయి. నేను సంతకం పెట్టకుంటె ఆయనేం చేస్తుండె?"

"భయమైతలేదా నాయనా?"

"ఐతున్నది. గట్లనే పోదాం పా."

మర్నాడు క్యాంపస్‌లో పెద్దాఫీసరు ముందు నిలబడి అంతా ఒప్పుకున్నాడు నాయన. అచ్యుతరామయ్యను పిలిపించారు.

"లక్ష్మయ్యగారూ, ఇప్పుడేదో పొరపాటున అన్నానని చెప్పేయండి. మనలో మనకి ఇదేమిటండీ?" అన్నాడతను నవ్వుతూనే.

"మూడేండ్లే సార్. నేను అబద్ధం రాసిన" అన్నాడు నాయన ఆఫీసరుతో.

అప్పుడు చచ్చింది ఆ నవ్వు. కళ్లార్పకుండా చూశాను. జాలి కలగలేదు. వర్క్‌షాపుకు కూడా రాస్తామని ఆఫీసరు చెప్పాడు. కొలువు నాకిస్తామని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

ఇంటిదాకా నడిచే వచ్చాం.

"నీ కోపం సల్లారిందా బిడ్డా?"

"సల్లారింది."

"నాకిప్పుడే మొదలైంది" అన్నాడు నాయన.

నేరుగా వెళ్లి ముందు గదుల తలుపు కొట్టాడు. అచ్యుతరామయ్య భార్య శ్యామలాంబ తలుపు తీసి, మమ్మల్ని చూసి లోపలికి రమ్మంది. రేపటికల్లా ఇల్లు ఖాళీ చేయమన్నాడు నాయన. జరిగిందేమీ ఆమెకు తెలియదు. ఆమె ముఖం మాత్రం నేను చూడలేకపోయాను.