బరువు పెడలు

క్లచ్చు మళ్లీ కాలింది. కొత్తది వేసి ఆర్నెల్లు కూడా కాలేదు. రాతి బండలు నింపుకుని క్వారీ గోతిలోంచి పైకెక్కుతున్న పికప్, సరిగ్గా పెద్ద మలుపు దగ్గర ఆగిపోయింది. ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది, బండి మాత్రం అంగుళం కదలదు. వెనక లారీలవాళ్లు చెవులు చిల్లులు పడేలా హారన్లు మోగించారు. క్వారీ మేనేజరు ముక్కు మూసుకుంటూ వచ్చి, "ఇంకోసారి నా దారిలో ఈ మాడు వాసన వచ్చిందో, నీ లోడు వేరే బండికి వెళ్లిపోతుంది. తర్వాత నన్ననుకుని లాభం లేదు," అనేసి పోయాడు.

ట్రాక్టరు కట్టి బండిని డ్రైవరు తమ్ముడి షెడ్డుకి లాక్కొచ్చారు. తమ్ముడు మెకానిక్కు. మంచివాడే గానీ నోరు ఆగదు. గేరుబాక్సు దింపి, కాలిన ప్లేటు బయటికి తీసి, పళ్లెం పట్టుకొచ్చినట్టు అన్నగారి ముందుకు పట్టుకొచ్చాడు.

"చూడన్నయ్యా, బొగ్గయిపోయింది. తప్పు నాదేలే. ఎత్తు ఎక్కాలని నువ్వంటే ఇంజను ట్యూనింగు చేసి బలం పెంచానా? ఈ కంపెనీ ప్లేటు ఆ బలం మొయ్యలేకపోతోంది. జారి జారి కాలిపోతోంది. ఈసారి దీనికి తగ్గ మొగుణ్ని తెస్తా, చూస్తూ ఉండు."

తప్పు తమ్ముడిది కాదని డ్రైవరుకి తెలుసు. ఇంజనుదీ కాదు. తప్పంతా తన ఎడమ పాదానిది.

షుగరు వచ్చి చాలా కాలమైంది. గుర్తొస్తే మాత్ర వేసుకునేవాడు, లేకపోతే లేదు. మొదట్లో ఆ పాదంలో చీమలు పాకినట్టుండేది. విసుక్కునేవాడు. తర్వాత చీమలు కూడా పోయాయి. ఒకరోజు వీధిలో చెప్పు ఎక్కడో జారిపోతే తెలియకుండా ఇంటిదాకా నడిచొచ్చాడు. ఎదురింటావిడ ఆ చెప్పు వేలికి తగిలించుకుని వచ్చి, "మీవారు ఒంటి చెప్పుతో ఊరేగుతున్నారు," అని పకపకా నవ్వింది. మర్నాటి నుంచి తాళ్లు బిగించే బూట్లు తొడగడం మొదలుపెట్టాడు. "ఈ వయసులో ఈ దర్జా ఏంటయ్యా?" అని భార్య వెక్కిరిస్తే మీసం దువ్వి ఊరుకున్నాడు.

క్లచ్చు మీద నుంచి కాలు తీశాననే అనుకుంటాడు. తియ్యడు. అది అక్కడే తీరుబడిగా కూర్చుని ఉంటుంది. కాలి బరువుకి పెడలు వేలెడు దిగుతుంది, లోపల ప్లేటు సగం పట్టీ సగం పట్టకా రాసుకుని రాసుకుని మాడిపోతుంది. మొదటి ప్లేటు అలాగే పోయింది, ఇదీ అలాగే పోయింది. చెప్పేస్తే పోయేది కదా అని మనబోటివాళ్లకు అనిపిస్తుంది. చెప్పేస్తే తాళాలు లాక్కుంటారు. ఇరవై ఏళ్లు దాటింది ఆ సీట్లో కూర్చుని. క్వారీలో అతనికి పేరు కూడా లేదు, ఎత్తంతా మొదటి గేరులోనే ఓపిగ్గా లాక్కొస్తాడని అందరూ "ఫస్టుగేరు" అంటారు. బండి దిగిపోతే మరి ఏమని పిలుస్తారు? గుమ్మంలో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లను చూసే ముసలాయన అంటారు.

రెండు రోజుల తర్వాత తమ్ముడు కబురు పెట్టాడు. బల్ల మీద రెండు డబ్బాలు విప్పి ఉన్నాయి. పెళ్లి చూపుల్లో పెద్దమనిషిలా చేతులు తుడుచుకుంటూ మొదలుపెట్టాడు.

"ఇదిగో, ఇది రెండు ప్లేట్ల క్లచ్చు. బరువు రెండూ చెరిసగం పంచుకుంటాయి కాబట్టి ఎంత లోడు వేసినా జారదు. పైగా పెడలు వెన్నముద్ద. న్యూట్రల్లో పెడితే కాస్త గలగలమంటుంది, అదొక్కటే. నీకు ఇదే సరైంది."

"మరి అదో?"

"అదా? ఒకటే ప్లేటు, సిరామిక్ బిళ్లలది. దాని స్ప్రింగు మహా మొండిది. పట్టిందంటే ఇంక వదలదు. కానీ మెల్లగా పట్టడం దానికి చేతకాదు, దభీమని పట్టేస్తుంది. తొక్కాలంటే తొడలో సత్తా ఉండాలి. పందేల బండ్లవాళ్లు వేయించుకుంటారు. వేరే ఆయన బండికి బిగించా, రెండోది మిగిలిపోయింది. ఊరికే చూపిస్తున్నాలే."

"ఆ బండి ఇక్కడే ఉందా?"

ఉంది, షెడ్డు చివర నిలబెట్టి ఉంది. డ్రైవరు వెళ్లి దాంట్లో కూర్చున్నాడు. ఎడమ కాలు ఎక్కడుందో వంగి కళ్లతో చూసుకుని, పెడలు మీద పెట్టి తొక్కాడు. పెడలు ఎదురు తన్నింది. ఆ తన్ను పాదంలో తెలియలేదు, మోకాల్లో తెలిసింది, తొడలో తెలిసింది, నడుం దాకా పాకింది. అతనికి ఒక్కసారి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎన్నాళ్లయింది తన కాలి కింద ఒక వస్తువు ఉందని తెలిసి! మళ్లీ తొక్కాడు. ఊరికే కాలు ఆన్చి చూశాడు. పెడలు చలించలేదు. ఈ మొండిదైతే కాలు దాని మీద మర్చిపోయినా దిగదు, ప్లేటు కాలదు, ఎవరికీ ఏమీ తెలియదు. వెన్నముద్ద పెడలైతే తన బతుకు మళ్లీ మలుపు దగ్గర బయటపడుతుంది.

"ఇదే బిగించు," అన్నాడు దిగి.

తమ్ముడు తెల్లబోయాడు. "నీకేమైనా మతి పోయిందా అన్నయ్యా? ఆ గోతిలో రోజుకి ఎన్నిసార్లు తొక్కాలి దాన్ని! మోకాలు చిప్ప ఊడి చేతికొస్తుంది."

"మోకాలు నీదా, నాదా?"

"నీదే గానీ..."

"బండి ఎవరిది?"

"నీదేనయ్యా బాబూ!"

"మరి బిగించు. ఆడుతూ పాడుతూ తొక్కే పెడలు నీ కారుకి వేసుకో."

తమ్ముడు మొహం మాడ్చుకుని బండి కిందికి దూరాడు. అక్కణ్నుంచి కూడా గొణుగుతూనే ఉన్నాడు. డ్రైవరు విననట్టు బయటికి వెళ్లిపోయాడు.

నిజం ఒప్పుకోవాలి, ఆ క్లచ్చు రాక్షసి. పెద్ద మలుపు దగ్గర బండి ఒక్క కుదుపు కుదిపి, బండలతో సహా పైకి దూసుకుపోయింది. వాసనా లేదు, పొగా లేదు. మేనేజరు కిటికీలోంచి చూసి బొటనవేలు పైకెత్తాడు. వెనక లారీవాడు, "ఏం ఫస్టుగేరూ, ఏం తినిపిస్తున్నావ్ దానికి?" అని అరిచాడు. డ్రైవరు ఆ వారమంతా ఈల వేసుకుంటూ తిరిగాడు. సాయంత్రానికి తొడ రాయిలా బిగుసుకుపోయేది. ఆ నొప్పి అతనికి ఎంత ముద్దుగా ఉండేదో చెప్పలేం. నొప్పి ఉందంటే కాలు ఉన్నట్టే కదా అని అతని లెక్క. భార్యను తైలం అడిగి తీసుకుని, తలుపేసుకుని, తొడకి తనే రాసుకునేవాడు. మేజోళ్లు కూడా తనే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. "ఇన్నేళ్లకి మా ఆయనకి బుద్ధొచ్చింది," అని ఆవిడ మురిసిపోయింది, పిచ్చిది.

మధ్యాహ్నాలు మనవరాలిని బడి నుంచి తీసుకురావడం కూడా అతని పనే. నెల తిరిగాక ఒకరోజు భార్య కూడా బండెక్కింది. ముగ్గురూ ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నారు. పిల్ల ముక్కు చిట్లించింది.

"తాతా, ఏదో చచ్చిపోయిన వాసనొస్తోంది."

"సీటు కింద ఎలుక చచ్చి ఉంటుందే."

ఎలుక పేరు చెబితే ఊరుకునే మనిషా ఆవిడ! ఇంటికి రాగానే చీపురు తీసుకుని బండి మీద పడింది. సీటు ఎత్తింది, చాప తీసింది, పనిముట్ల పెట్టె బోర్లించింది. ఎలుక లేదు. చాప మీద ఎడమ పెడలు కింద మాత్రం బూటు అచ్చు తడితడిగా కనిపించింది. వంగి వాసన చూసి, చీపురు అక్కడే పడేసింది.

లోపల డ్రైవరు బూట్లతోనే మంచం మీద వాలి నిద్రపోతున్నాడు. ఆవిడ ఎడమ బూటు తాళ్లు విప్పి లాగింది. అతను కదల్లేదు. మేజోడు రాలేదు, చర్మానికి అతుక్కుపోయి ఉంది. బూటు తిరగేసి దులిపితే నేల మీద టక్కున ఒక రాతి ముక్క పడింది. చింతగింజంత ఉంటుంది, ఒక పక్క కత్తిలా చెక్కుకుని ఉంది. క్వారీలో ఎప్పుడో బూటులోకి దూరింది. రోజల్లా ఆ మొండి పెడలు తొక్కిన ప్రతిసారీ ఆ ముక్క అరికాల్లోకి కొంచెం కొంచెం దిగుతూ ఉంది. అన్నాళ్లూ అతను ఈల వేసుకుంటూ తిరిగాడు.

"ఏమయ్యా! లే! లేవయ్యా నీ మొహం మండా!" అని ఆవిడ పెట్టిన కేకకి ఎదురింటావిడ కూడా పరుగెత్తుకొచ్చింది.

ఆసుపత్రికి తమ్ముడే తీసుకెళ్లాడు, ఆ బండిలోనే. డాక్టరమ్మ ఇంటి దగ్గర చుట్టిన గుడ్డ విప్పి చూసి, డొంకతిరుగుడు లేకుండా చెప్పేసింది. విషం ఎముకలోకి దిగింది. మోకాలి కింద నుంచి తీసెయ్యాలి, అదీ రేపే.

తమ్ముడు గోడకి తల కొట్టుకున్నాడు. "ఈ చేతులతో నేనే బిగించానే! తేలికది పక్కనే ఉంది, అదే బిగించి నీ నోరు మూయించలేకపోయానే!"

"ఊరుకోరా, నీకేం తెలుసని," అన్నాడు డ్రైవరు. ఇంక దాచి ప్రయోజనం లేదు. పాదం మొద్దుబారి రెండేళ్లు దాటిందనీ, ప్లేట్లు కాల్చింది తనేననీ, బరువు పెడలైతే కాలు తెలుస్తుందనే దాన్ని ఏరుకున్నాననీ తల దించుకుని చెప్పాడు.

భార్య మంచం పక్కకి వచ్చి నిలబడింది. ఏడుస్తోందనుకున్నాడు. ఏడవడం లేదు.

"రెండేళ్లు," అంది. "రెండేళ్లుగా ఆ పసిదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ కాలితో నడిపావా?"

"అది క్లచ్చేనే. క్లచ్చు తేడా చేస్తే బండి ఆగిపోతుంది, అంతకంటే ఏమీ కాదు. బ్రేకు కుడికాలు కదా."

"నాకవన్నీ చెప్పకు. దానికేదైనా అయ్యుంటే నేను నీ మొహం చూసేదాన్నా?"

"ఏమీ కాలేదు కదే..."

ఆవిడ మొహం తిప్పేసుకుంది. అది భరించలేక డ్రైవరు తమ్ముడి వైపు తిరిగి గొంతులోకి హుషారు తెచ్చుకున్నాడు.

"ఒరేయ్, ఎందుకురా ఆ మొహం? ఎడమకాలు పోతే పోనీ. క్లచ్చు లేని బండ్లు ఎన్ని రావట్లేదు! ఆటోమేటిక్ పికప్ ఒకటి చూసిపెట్టు. గేరు వెయ్యక్కర్లేదు, క్లచ్చు తొక్కక్కర్లేదు. ఒక్క కుడికాలుంటే చాలు. నా కుడికాలు నిక్షేపంలా ఉంది. మూడు నెలల్లో మళ్లీ మలుపు దగ్గర నిలబడి మేనేజరు చేత సెల్యూట్ కొట్టిస్తా, చూస్తూ ఉండు."

తమ్ముడు కళ్లు తుడుచుకున్నాడు. "సరే అన్నయ్యా. వెతుకుతా. ఎలాగైనా నిన్ను సీట్లో కూర్చోబెడతా."

డ్రైవరుకి గుండె కుదుటపడింది. కాలు పోతోందన్న బాధ ఒక పక్కన ఉన్నా, సీటు పోవడం లేదు. అది చాలు.

వెళ్లిపోబోతున్న డాక్టరమ్మ ఆగింది. "కుడికాలు ఎప్పుడైనా చూపించారా?"

"దానికేం డాక్టరమ్మా? కాస్త తిమ్మిరెక్కుతుంది, అంతే. అది వయసు."

"ఒక్కసారి చూద్దాం," అని ఆమె మంచం చివర కూర్చుని, కుడి బూటు, మేజోడు తీసింది. జేబులోంచి సన్నటి నైలాన్ పుల్ల తీసింది. "కళ్లు మూసుకోండి. ఇది పాదానికి తగిలినప్పుడల్లా 'ఊఁ' అనాలి. సరేనా?"

"ఓస్, ఇంతేనా?" అని డ్రైవరు దిండు మీద తల సర్దుకుని, గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

పైన ఫ్యాను తిరుగుతోంది. వరండాలో ఎవరో బండి తోసుకుపోతున్నారు. డాక్టరమ్మ ఇంకా ఏదో సర్దుకుంటోందేమో అనుకున్నాడు. ఓపిగ్గా ఎదురుచూశాడు. పక్కన తమ్ముడు ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. భార్య చెయ్యి వచ్చి అతని భుజం మీద పడింది, గట్టిగా పట్టుకుంది. ఇందాకటి కోపం తగ్గినట్టుంది, హమ్మయ్య అనుకున్నాడు.

"కానివ్వండి డాక్టరమ్మా," అన్నాడు కళ్లు తెరవకుండానే. "నేను రెడీ. మొదలుపెట్టండి."

కళ్లు తెరిచేసరికి ఆమె పుల్ల మడిచి జేబులో పెట్టుకుంటోంది.