ఐదో కుర్చీ

రెండు గుడ్లు తిన్నాను, రొట్టె తిన్నాను, మధ్యాహ్నం గంటసేపు పడుకున్నాను కూడా, ఆకలితో కూర్చోకూడదు, అలసటతో కూర్చోకూడదు అని లైబ్రరీ నుంచి తెచ్చిన పేకాట పుస్తకంలో ఉంది, సెరఫీం కంట పడినా కుట్టుపని పుస్తకం అనుకోవాలని దానికి కిరాణా సంచి కాగితంతో అట్ట వేశాను, కొత్త బల్ల దగ్గర కూర్చునే ముందు అరగంట నిలబడి చూడాలట, ఎవరు భయపడుతున్నారు, ఎవరు విసుగెత్తి పందెం కాస్తున్నారు, చూస్తున్నాను, కాఫీ డ్రమ్ము పక్కన స్తంభం చాటున నిలబడి చూస్తూనే ఉన్నాను, కానీ బల్ల చుట్టూ తొమ్మిది మంది ఉంటే నా కళ్ళు ఐదో కుర్చీలో ఉన్నవాడి మెడ దగ్గరే ఆగిపోతున్నాయి, ఆ నెరిసిన జుట్టు పోయిన శనివారం నేనే కత్తిరించాను, మర్నాడు కిరీటం మా ఇంటికి వస్తుందని, నా మొగుడు సెరఫీం దాని పక్కన మనిషిలా నిలబడాలని.

పండుగకు ముందు వారానికో ఇంట్లో ఉంచే మా గుడి పరిశుద్ధాత్మ కిరీటం మా ఇంటికీ రావాలని పందొమ్మిదేళ్ళు ఏటా చీటీల్లో పేరు వేశాం, పోయిన ఏడాది పండుగ నాడు మా పేరు వచ్చినప్పుడు సెరఫీం హాలు మధ్యలో నిలబడి ఏడ్చాడు, ఆవుల్ని అమ్మేసిన రోజు కూడా ఏడవనివాడు, తీరా కిరీటం వచ్చి ముందు గదిలో తెల్లగుడ్డ మీద కూర్చుంటే, రోజూ సాయంత్రం ఆరింటికి జపమాలకు ఊరంతా వస్తుంటే, గుమ్మంలో నిలబడి రండి రండి అనవలసినవాడు సోమవారం లేడు, మంగళవారం లేడు, గడ్డి కొనడానికి వెళ్ళాడని చెప్పాను, ఆవులే లేనివాళ్ళకు గడ్డెందుకని ఎవరూ అడగలేదు, అది వాళ్ళ మర్యాద, ఈ రోజు శుక్రవారం, రేపటితో సరి, బతిమాలాను, కోపగించాను, ఇక్కడికి దెయొలిందను పంపాను, చెల్లెలి మాటైనా వింటాడేమోనని, అది తిరిగి వచ్చి, నన్ను చూసి ఏమన్నాడో తెలుసా వదినా, ఒక్క చుట్టు, కుర్చీ వేడి చల్లారకముందే వచ్చేస్తా అన్నాడు అంది, ఆ మాట నాకు కొత్తా, ముప్పై ఎనిమిదేళ్ళుగా వింటున్నాను.

ఒక్కటి మాత్రం నాకు తెలుసు, తన ముందు పందెం బిళ్ళలున్నంతసేపు లేవడు, అవి అయిపోతే పాలు పితికించుకున్న ఆవులా నెమ్మదిగా లేచి వస్తాడు, అందుకే ఈస్టరు ముందు తపస్సుకాలం నలభై రోజులూ వంటింటి బల్ల మీద ఎండు చిక్కుడు గింజలు బిళ్ళలుగా పెట్టుకుని నేర్చుకున్నాను, మూడు బుధవారాలు పక్క ఊరి పేకాట గదిలో ముసలమ్మల సరసన కూర్చున్నాను, గుడికి గుడ్డలు కుడుతున్నామని ఇంట్లో చెప్పాను, అది అబద్ధమే, పాదిరికి ఇంకా చెప్పుకోలేదు, నా మొగుణ్ణి నేనే ఓడించి ఇంటికి తీసుకుపోతాను, పాపమెక్కడుంది ఇందులో, జేబులో ఉన్న నోట్లకు మించి ఆడకూడదని బ్యాంకు కార్డు దెయొలింద చేతికిచ్చి వచ్చాను, వెళ్తూ వెళ్తూ అది నా కోటు పట్టుకుని, కిరీటం దగ్గర ఇంటావిడ లేకపోతే ఎట్లా వదినా అంది, ఐదింటికల్లా వస్తానే అన్నాను, గోడకు గడియారం లేదిక్కడ, కిటికీ లేదు, నా చేతి గడియారంలో నాలుగుంపావు.

ఆరో కుర్చీ కావాలి నాకు, సెరఫీంకి ఎడమ పక్కది, అతను ఏం చేస్తాడో చూశాకే నా వంతు వస్తుంది, మంచి ముక్కలొస్తే ఆవు వీపు నిమిరినట్టు మోకాలు నిమురుకుంటాడు, ఏమీ లేనప్పుడు ఊరేగింపు బ్యాండు పాట ముక్కుతో తీస్తాడు, ఇది ఏ పుస్తకంలోనూ లేదు, ఇక్కడ కుర్చీలు ఇప్పించే వెండెల్ జాబితా చూసి, ఇంకా ఇద్దరున్నారమ్మా మీకంటే ముందు అన్నాడు, ఈ బల్ల కొంచెం గట్టిది, అటు చిన్నాటలో ఖాళీ ఉంది, కూర్చుంటారా, వద్దు నాయనా, ఇదే అన్నాను, కోటు జేబులో జపమాల పూసలు తిప్పుతున్నాను, అతన్ని లేపు తల్లీ, అతన్ని లేపు తల్లీ, టోపీవాడు పెద్ద పందెం కాశాడు, వాడి చెయ్యి బిగుసుకుంది, ఏమీ లేదు వాడి దగ్గర, నేనైతే పెంచేదాన్ని, సెరఫీం ముక్కలు పడేశాడు, తెలివితక్కువవాడు, నాకు అరచేతులు వెచ్చబడ్డాయి, పక్క ఊళ్ళో మూడో బుధవారం అంత కుప్పా నా ముందుకు లాక్కున్నప్పుడు ఇట్లాగే వెచ్చబడ్డాయి, పెళ్ళయ్యాక నా ముందుకు అంత కుప్ప ఏదీ రాలేదు, జాబితాలో ఒకడు విసుగెత్తి వెళ్ళిపోయాడు, రెండోవాణ్ణి చిన్నాటలో కూర్చోబెట్టారు, ఇక నేనే, కుర్చీ ఇప్పించు తల్లీ, కుర్చీ ఇప్పించు, పూసలు తిరుగుతూనే ఉన్నాయి, మాట ఎప్పుడు మారిందో నేను చూడలేదు.

అప్పుడే సెరఫీం మెడ తిప్పాడు, కాఫీ కోసమేమో, నన్ను చూశాడు, కోపం రాలేదు, నవ్వలేదు, ముందున్న బిళ్ళలన్నీ, చాలానే ఉన్నాయి, పెట్టెలో సర్దుకుని లేచాడు, ఒక్కడూ అతన్ని ఓడించలేదు, లేచి వచ్చి నా ముందు నిలబడ్డాడు, ఎంతసేపైందే వచ్చి అన్నాడు, ఇప్పుడే అన్నాను, అబద్ధమాడకు, కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నావు, కిరీటం దగ్గరెవరున్నారు, దెయొలింద ఉంది, తల వంచుకున్నాడు, నువ్వు కూడా అక్కడ లేవన్నమాట, పద, టైమెంతైంది, ఐదు కావస్తోంది అన్నాను, పద మరి, జపమాలకు అందుకుంటాం, చొక్కా మార్చుకుంటాను, ఈ రోజు గుమ్మంలో నేనుంటాను, అన్నాడు, ఆ మాట కోసమే కదా ఐదు రోజులుగా కన్నీళ్ళు పెట్టుకున్నాను, వెనక నుంచి వెండెల్ పిలిచాడు, ఇదాలినా గారూ, ఐదో కుర్చీ ఖాళీ, వస్తున్నారా, సెరఫీం చుట్టూ చూసి నా వైపు తిరిగాడు, నీ పేరు పిలుస్తున్నాడేమిటే, కుట్టుపనికా, అని ఈసారి నిజంగానే నవ్వాడు, నేను నవ్వలేదు, టోపీవాడి చేతులు చూస్తున్నాను, ఐదు నుంచైతే వాడు సరిగ్గా ఎదురు, వాడి చెయ్యి బిగుసుకోవడం బాగా కనిపిస్తుంది.

నువ్వు పోయి కారు తియ్యి, ఎవరో అంటున్నారు, నా గొంతే, ఒక్క చుట్టు, కుర్చీ వేడి చల్లారకముందే వచ్చేస్తా, సెరఫీం నవ్వు ఆగిపోయింది, నా చెయ్యి అప్పటికే కుర్చీ వీపు మీద ఉంది, అతని వేడి ఇంకా ఉంది అందులో, కూర్చున్నాను, నోట్లిచ్చి బిళ్ళలు తీసుకున్నాను, పంచే అమ్మాయి నా ముందుకు రెండు ముక్కలు జార్చింది, తలెత్తితే సెరఫీం కారు దగ్గరకు పోలేదు, కాఫీ డ్రమ్ము పక్కన, స్తంభం చాటున, నేను నిలబడిన చోటే బిళ్ళల పెట్టె పట్టుకుని నిలబడి నా మెడ వైపు చూస్తున్నాడు, ఇంట్లో కొవ్వొత్తులు వెలిగించే వేళ అవుతోంది, పుస్తకం చెప్పినవన్నీ చేశాను, ఒక్కటీ మరచిపోలేదు, కూర్చోవడానికి ఏమేం కావాలో నలభై రోజులు కూడబెట్టుకున్నాను, అతన్ని లేపడానికి అయితే స్తంభం చాటున అట్లా నిలబడితే చాలునని, ఊరికే అతని కోసం వచ్చి నిలబడడం మాత్రం నేనెన్నడూ చేయలేదని, చేయకపోవడానికి కారణం నేనూ కోరుకున్నది ఈ కుర్చీయేనని ఇప్పుడు తెలిసింది, ముక్కలు ఇంకా ఎత్తి చూడలేదు, వేళ్ళు వాటి మీదే ఉన్నాయి.