పైడయ్య బొమ్మ లేటు

ఫిషింగ్ హార్బర్‌లో బోటు కదిలిపోయాక కూడా పోతమ్మ కాసేపు జెట్టీ చివరే నిలబడుతుంది. మొగుణ్ణి సాగనంపడానికి కాదు. ఆ పని అయిపోయింది. నీళ్ళలో మొగుడి బొమ్మ ఇంకా మిగిలి ఉంటుంది, దాన్ని కూడా పంపించాలి.

“ఇంకా ఇక్కడేటి సేత్తన్నావు? బోటెల్లిపోనాది. బేగెల్లు,” అంటుంది.

నీళ్ళలో పైడయ్య వంగి తాడు విప్పుతూనే ఉంటాడు. తాపీగా విప్పి, చుట్టలు చుట్టి పక్కన పెట్టి, నడుం సవరించుకుని, అప్పుడు బోటు పోయిన దారినే అలల మీద జారుకుంటూ పోతాడు. పోతమ్మ చేపల బుట్ట ఎత్తుకుని మద్దిలపాలెం బస్సు పట్టుకుంటుంది.

పైడయ్య బోటు నడిపే సరంగు. మనిషి చురుకే, పనికి అందరికంటే ముందుంటాడు. అతని బొమ్మే లేటు. అద్దంలో గానీ, నీళ్ళలో గానీ, తోమిన చెంబు మీద గానీ, అతను వచ్చి నిలబడ్డాక చుట్ట ముట్టించుకునేంత సేపటికి గానీ బొమ్మ రాదు. హార్బర్ గేటు దగ్గర సెలూన్‌లో అతను లేచి వెళ్ళిపోయినా, ఆ కుర్చీలో కూర్చున్న తర్వాతివాడు అద్దంలో పైడయ్య గడ్డం పూర్తయ్యేదాకా ఓపిక పట్టాలి. పెళ్ళి ఫోటోలో పోతమ్మ పక్కన ఖాళీ కుర్చీ ఉంది. ఓటరు కార్డు మీద నీలం తెర ఒక్కటే పడింది. పోలింగ్ ఆఫీసరు ఆ తెరని చూసి, మనిషిని చూసి, “పైడయ్యే” అని వేలికి సిరా పూస్తాడు. ఎవరికీ ఇందులో మాట్లాడుకోవలసింది కనిపించలేదు. కొందరికి ఎడమచేతి వాటం ఉంటుంది, కొందరికి బొమ్మ లేటు ఉంటుంది.

రెండువేల అయిదు వానాకాలంలో పైడయ్య కేబిన్ నిచ్చెన మీంచి పడ్డాడు. ఎముకలు అతికాయి. మెడ మాత్రం వెనక్కి తిరగడం మానేసింది. ఇది చిక్కు. వేటలో సరంగు ముందుకి చూస్తూ చక్రం తిప్పాలి, వెనక వించి మర ఇనప వైరుతో వలని లాగుతుంటే దాని మీదా కన్నుండాలి. వించి తిప్పే క్లచ్చి కేబిన్‌లో అతని చేతి కిందే ఉంటుంది. వైరు అడ్డంగా పడినా, పనివాడి కాలు మెలికలో పడినా చూసి ఆపాల్సింది అతనే. ఆ సీజన్‌లో అతను చూడక ఒక వల నిలువునా చిరిగిపోయింది.

బోటు ఓనరు కృష్ణంరాజు చెడ్డవాడేం కాదు. అందుకే మొహం మీదే చెప్పాడు.

“నీ మీద కోపం నేదు పైడయ్యా. ఎనక సూడనోడికి బోటెలాగిస్తాను? రేపు ఎండాకాలం వేట నిషేధం ఎత్తీసినాక కొత్త సరంగుని ఎక్కిస్తాను. నువ్వు ఒడ్డు మీద వలలు బాగుసేసుకో.”

పైడయ్య ఒడ్డు మీద వారం ఉంటే నేల ఊగడంలేదని కడుపులో తిప్పే రకం. మిగిలిన బతుకంతా ఒడ్డు మీద అనేసరికి ఆ రోజు అన్నం తినలేదు. పోతమ్మ ఓదార్చలేదు. ఆ మర్నాడు మద్దిలపాలెంలో బస్ డిపో వెనక సందులో, రోజూ వచ్చే బేరాన్ని ఆపేసింది.

ఆ బేరం పేరు మధులత. ఉక్కునగరం కంపెనీ క్వార్టర్లలో పెరిగింది. గోదావరి వైపు నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన కుటుంబం. ఆ సందులోనే ఒక మేడ మీద రెండు గదులు తీసుకుని టిఫిన్ డబ్బాలంత కంప్యూటర్లు తయారుచేస్తుంది. ఒక్కో డబ్బా ఒక్కటే పని చేస్తుంది. ఒకటి గేటు తెరుస్తుంది, ఇంకొకటి కొలిమి వేడి చూస్తుంది.

“వంజరం ఎంత?” అంది మధులత.

“రేటొగ్గీమ్మా. నాకో పని సేసిపెట్టు. మా ఆయనకి ఎనకాల ఒక కన్ను పెట్టాలి.”

“మీ ఆయనకి వెనక కన్నుంటే నష్టం నీకే కదా.”

“నాను తిట్టీదంతా ముందునుంచేనమ్మా. ఎనకనుంచి తిట్టడం నాకు సేతకాదు.”

అలా మధులత వేట నిషేధంలో, బోట్లన్నీ కట్టేసి ఉన్న ఎండాకాలంలో, తన డబ్బా పట్టుకుని హార్బర్‌కి వచ్చింది. బోటు వెనక గుంజకి కెమెరా బిగించి, వించీ, దాని చుట్టూ ఉన్న చెక్క నేలా మాత్రమే కనపడేలా కిందికి వంచింది. కేబిన్‌లో చక్రం పక్కన చిన్న తెర పెట్టింది. ఆ రెంటికీ మధ్య డబ్బా. అది బోటు బ్యాటరీ మీద నడవాలి, లైట్లకీ వైర్‌లెస్‌కీ పోను మిగిలిన కరెంటుతో. ఉప్పు గాలికి ఫ్యాను పనికిరాదు కాబట్టి వేడెక్కకూడదు. అంటే లోపల ఉండేది బలహీనమైన ప్రాసెసరు. దానితో కదిలే బొమ్మ చూపించడమంటే మూడో క్లాసు పిల్లకి పెళ్ళి వంట అప్పగించినట్టే.

పరీక్షకి మనిషి కావాలి. పైడయ్యకంటే ఉత్సాహంగా ఎవరుంటారు? అతను వెనక్కి వెళ్ళాడు. మధులత కేబిన్‌లో తెర ముందు కూర్చుంది.

“నిలబడ్డారా అండీ?”

“నిలబడ్డానమ్మా!”

తెర మీద ఖాళీ చెక్క.

“చెయ్యి ఊపండి!”

“ఊపుతన్నానమ్మా!”

ఖాళీ చెక్క. మధులత పెన్ను మూత కొరికింది. చాలాసేపటికి పైడయ్య కుదుపులు కుదుపులుగా, సగం సగం కాలు వేస్తూ తెర మీదికి వచ్చి చెయ్యి ఊపాడు. అప్పటికి అసలు పైడయ్య విసుగొచ్చి కేబిన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

మధులత డబ్బా ఇంటికి పట్టుకుపోయింది. మొగుడు ప్లాంటులో బి షిఫ్టుకి పోయాక వంటింటి బల్ల మీద ప్రోగ్రాం విప్పింది. కెమెరా ఇచ్చే ప్రతి బొమ్మనీ ప్రాసెసరు ఒక చోటినుంచి ఇంకో చోటికి, అక్కణ్ణించి మరో చోటికి కాపీ చేస్తోంది. అది తీసేసింది. కెమెరా ఎక్కడ పెడుతుందో తెర అక్కడినుంచే తీసుకునేలా చేసింది. రంగులు మార్చే పని ప్రాసెసరు నెత్తిన ఉంది. దాన్ని తెర నడిపే చిప్‌కి అప్పగించింది. బొమ్మ సైజు సగం చేసింది.

మరుసటి వారానికి కుదుపు పోయింది. తెర మీద పైడయ్య నూనె పోసినట్టు నడిచాడు. కానీ రావడం మాత్రం అంతే లేటు.

అప్పుడు వరసని అనుమానించింది. డబ్బా లోపల బొమ్మలు వరసకట్టి తమ వంతుకోసం కాచుకుంటాయి. పొయ్యి మీంచి వేడి ఇడ్లీ దిగుతూనే ఉంటుంది, విస్తట్లోకి మాత్రం ముందు దించిన చల్లారినవే పోతాయి. ఆమె కనికరం లేకుండా పాతవన్నీ పారబొయ్యమంది. ఎప్పుడూ ఒక్కటే బొమ్మ, అప్పుడే దిగినది. తర్వాత డబ్బాలో పక్కన నడుస్తున్న చిన్నాచితకా ప్రోగ్రాములన్నిటినీ ఒక్కొక్కటిగా గెంటేసింది. ఆఖరికి గడియారాన్ని కూడా తీసేసింది.

పైడయ్య అంతే లేటు.

నిషేధం అయిపోవస్తోందనగా కృష్ణంరాజు వచ్చి చూశాడు. పైడయ్య వెనక నిలబడ్డాడు, ఊపాడు, అలిసిపోయి వించి మీద కూర్చున్నాడు. అప్పుడు తెర మీద నిలబడ్డాడు.

“ఇదేటమ్మా,” అన్నాడు రాజు. “వల లాగీ ఎల్లాజీ కాలు తెగిపోయినాక కాలు సూపిత్తాదా ఇది? బోట్లు కదిలీ రోజుకి బొమ్మ టయానికొత్తే సరే. నేదంటే కొత్త సరంగే ఎక్కుతాడు.”

రాజు పైడయ్య పెళ్ళిలో భోజనం చేసినవాడు. ఖాళీ కుర్చీ ఫోటో అతను నవ్వుతూ చూసినదే. అయినా తట్టలేదు. కంప్యూటరు అనేసరికి అందరూ కంప్యూటరునే అనుమానించారు. పైడయ్య కూడా.

మధులత మాత్రం తనని తనే అనుమానించుకుంది. ఆ వారం ఆమె చేసిన వంట ఎవరికీ నచ్చలేదు. ప్రోగ్రాంని ఇంకా, ఇంకా చెక్కింది.

బోట్లు కదలడానికి ముందు రోజు పొద్దున్న, పైడయ్య వించి దగ్గర నిలబడి చెయ్యి ఊపుతుండగా పోతమ్మ టీ పట్టుకుని బోటెక్కింది. తెర మీద పోతమ్మ బోటెక్కింది. చెక్క మీద పోతమ్మ కాలి కడియం గలగల మంది, అదే క్షణంలో తెర మీద కాలు పడింది. పోతమ్మ గ్లాసు ముందుకు చాపింది. వదిలింది. తెర మీద గ్లాసు ఎవరూ లేని చోట గాలిలో నిలబడింది. కొంచెం పైకి లేచి ఒంపుగా వాలింది. టీ తగ్గింది.

మధులత కేబిన్‌లోంచి దూసుకొచ్చింది.

“మీ బొమ్మ లేటా?”

“అవునమ్మా,” అన్నాడు పైడయ్య, టీ ఊదుకుంటూ.

“ఎప్పణ్ణించి?”

“పుట్టినకాణ్ణించీ.”

“మరి చెప్పొద్దా అండీ నాతో! నెల రోజులుగా నా ప్రాణం తీశారు కదా!”

“సెప్పీదేటమ్మా, ఊరందరికీ తెలిసిందే గదా.”

“నేను ఉక్కునగరం నుంచి వస్తానండీ. అక్కడ ఈ సంగతి పేపర్లో వెయ్యలేదు.”

పైడయ్య నొచ్చుకున్నాడు. “అద్దాలకి నాను లేటు, నీళ్ళకి నాను లేటు. ఇది కొత్త మెషీను గదా, నన్నెరగదు గదా అనుకున్నాను.”

“సెప్పాల్సిందమ్మా,” అంది పోతమ్మ. “రోజూ జెట్టీ మీద నానే తోలుతన్నాను గదా ఆయన్ని. నాకూ తట్టనేదు. ఎల్లాజీని నిలబెట్టు, సూద్దాం.”

వల లాగే ఎల్లాజీకి చెయ్యి ఊపడం నామోషీ అనిపించింది. డాన్సు చేశాడు. జెట్టీ మీద ఉన్నవాళ్ళంతా కేబిన్ కిటికీలకి అతుక్కుపోయారు. అతని కాలు, తెర మీద కాలు ఒక్కసారే పడ్డాయి. నడుం తిప్పితే తెగలేదు, గెంతితే ఆగలేదు. ఎవరో ఖాళీ డ్రమ్ము అందుకుని వాయించారు. పోతమ్మ బోటు వెనక్కీ కేబిన్‌కీ మధ్య నిలబడి ఇటోసారి అటోసారి చూసి, “ఇద్దరూ సమానంగా సెండాలంగా ఉన్నారు,” అని తేల్చింది.

మధులత నవ్వింది, తర్వాత ఆలోచించింది. మామూలు మనిషిని నిలబెట్టి ఉంటే కుదుపు పోయిన రోజే పర్వాలేదనుకుని ఆపేసేది. ఆ పర్వాలేదులో అర సెకను ఆలస్యం ఉండేది. పైడయ్య పుణ్యమా అని ఆ అర సెకను కూడా లేకుండా పోయింది.

బోట్లు కదిలాయి. కృష్ణంరాజు తనే ఎక్కాడు, కొత్త సరంగుని ఒడ్డు మీద తయారుగా ఉండమని చెప్పి మరీ. మధులత కేబిన్ మూల పీట మీద కూర్చుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటేసరికి తిన్న ఉప్మా అంతా సముద్రానికి ఇచ్చేసింది. పైడయ్య చక్రం పట్టుకుని హాయిగా ఉన్నాడు. నేల ఊగుతోంది మరి.

వల లాగే వేళ అయింది. పైడయ్య క్లచ్చి వేశాడు. వించి తిరిగింది. కళ్ళు ఒకసారి ముందుకి, ఒకసారి తెర మీదికి. మెడ ఎక్కడా తిప్పాల్సిన పనిలేదు. రాజు చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు.

తెర మీద ఎల్లాజీ కాలు పక్కకి వేశాడు. వైరు మెలిక తిరిగి చెక్క మీద పడింది. ఎల్లాజీ మడమ సరిగ్గా దాని మధ్యలో ఉంది.

పైడయ్య క్లచ్చి లాగేశాడు. వించి ఆగింది. మెలిక ఎల్లాజీ మడమని ముట్టుకుంది గానీ బిగుసుకోలేదు. ఎల్లాజీ తూలి రొయ్యల కుప్ప మీద కూలబడి, సముద్రాన్నీ, వైరునీ, వైరు కనిపెట్టినవాడి అమ్మనీ వరసగా తిట్టాడు. ఆ తిట్లు కేబిన్‌దాకా శుభ్రంగా వినిపించాయి. మనిషి బాగానే ఉన్నాడన్నమాట.

రాజు కట్టుకున్న చేతులు విప్పేశాడు. “అర తృటి ఆలీసమైతే...” అని ఆపేశాడు.

“చక్రం ఇలా పట్టుకోండి రాజుగారూ,” అని పైడయ్య వెనక్కి వెళ్ళాడు. తెర మీద ఎల్లాజీ ఎవరూ లేని వైపు చూసి ఏదో అన్నాడు. మెలిక దానంతట అదే విడింది. వైరు దానంతట అదే సర్దుకుంది. మధులత ఇటు చూడనేలేదు, నిమ్మకాయ వాసన చూస్తోంది. పైడయ్య తిరిగి వచ్చి చేతులు తుడుచుకుని చక్రం అందుకున్నాడు.

సరిగ్గా అప్పుడు తెర మీద పైడయ్య వించి దగ్గరికి వచ్చాడు. వంగాడు. ఇదివరకే విడిపోయిన మెలికని జాగ్రత్తగా విడదీశాడు.

కృష్ణంరాజు చక్రం దగ్గరున్న మనిషిని చూశాడు, తెర మీదున్న మనిషిని చూశాడు. మీసాల్లోంచి నవ్వు తన్నుకొచ్చింది.

“ముందొకడు, ఎనకొకడు. ఒక బోటుకి ఇద్దరు సరంగులు. మూడోవాడు నాకెందుకురా బాబూ! వేసీ క్లచ్చి, వేసీ.”

“ఆగండి రాజుగారూ,” అన్నాడు పైడయ్య. “ఎనకాలోడు సెప్పాలి.”

తెర మీద పైడయ్య నడుం సవరించుకున్నాడు. వైరుని ఒకసారి కాలితో తొక్కి చూసుకున్నాడు. తీరిగ్గా కెమెరా వైపు తిరిగి చెయ్యి ఎత్తాడు, లాగమని.

పైడయ్య క్లచ్చి వేశాడు.