కింద పడిన పెన్ను

నిచ్చెన మీంచి పడ్డ పెయింటరుకి ఆపరేషన్ చేసి నడుములో స్క్రూలు బిగించారు గానీ, నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఫిజియోథెరపీ ఇంకా అవసరమో కాదో తేల్చమని ఇన్సూరెన్సు కంపెనీ అతన్ని తన సొంత డాక్టరు దగ్గరికి పంపింది. మాటల మధ్యలో డాక్టరు చేతిలోని పెన్ను జారిపడింది. పెద్దాయన చేత వంగించడమేమిటని పెయింటరే పళ్ళ బిగువున వంగి, తీసి, నవ్వుతూ అందించాడు. కళ్ళు బైర్లు కమ్మిన సంగతి పైకి తెలియనివ్వలేదు.

“సులువుగా వంగుతున్నాడు. వైద్యం అవసరం లేదు,” అని రిపోర్టు వచ్చింది.

“మీ మర్యాద తగలెయ్య,” అంది భార్య. “ఈసారి ఆయన నెత్తిన మిద్దె కూలినా వంగకండి.”

అప్పీలు చేస్తే మళ్ళీ ఆ డాక్టరే. పెన్ను మళ్ళీ పడింది. జారిందో, జారవిడిచాడో ఆయనకే తెలియాలి. పెయింటరు గుంజలా నిలబడ్డాడు. డాక్టరు కాసేపు చూసి, బల్ల పట్టుకుని తనే వంగి, “అమ్మా” అని మూలిగాడు.

“నొప్పా డాక్టరుగారూ?”

“వంగితే ఉండదా మరి,” అని విసుక్కుని, డాక్టరు ఆ పెన్నుతోనే రాశాడు: “పరీక్షకు సహకరించలేదు. వైద్యం అవసరం లేదు.”