భద్రత పేరుతో వేసిన తాళం

అమల తాళం వేసిన వెనక తలుపును పిడికిళ్లతో బాదుతూ బాదుతూనే కూలిపోయింది. సర్క్యూట్ బోర్డులు కడిగే రసాయనం డబ్బా ఒరిగి, హాలంతా ఘాటు పొగ కమ్మేసింది. ఆ రేణిగుంట ఫ్యాక్టరీలో ఆ తలుపు ఒకప్పుడు తీసే ఉండేది. సముద్రంలో పరాయి ఓడల మీద నిఘా పెట్టే డ్రోన్లకు ఇక్కడి బోర్డులే పంపాలని మిత్రదేశంతో ఒప్పందం కుదిరాక, రహస్యాలు బయటికి పోతాయని దానికి తాళం పడింది. అందరూ ముందు గేటులోంచే, ఒక్కొక్కరుగా, తనిఖీ చేయించుకుని బయటపడాలి. పొగలోనూ అంతే. పక్కనే పనిచేసే పంకజాక్షి అమలను భుజాన వేసుకుని, వరుసను తోసుకుంటూ బయటికి వచ్చేసరికి ఆ పిల్ల ఊపిరి ఆగిపోయింది.

అమలను మట్టిచేసిన మరునాడే మిత్రదేశం అతిథులు వస్తున్నారన్నారు. మేనేజర్ హరినాథ్ ఆడవాళ్లందరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి రెండు దేశాల జెండాలు పంచాడు.

"నవ్వుతూ నిలబడండి. అమల సంగతి ఎవరూ ఎత్తొద్దు. మీరు పని ఆపితే సంతోషించేది శత్రువే!"

పంకజాక్షి లేచి నిలబడింది. "శత్రువు యాడుండాడు సార్? ఆ తలుపుకు తాళమేసింది సముద్రం అవతలోడా?"

"దేశద్రోహం మాటలు! కేసవుతుంది."

కేసు అనగానే సగం మంది తలలు దించుకున్నారు. పంకజాక్షి ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న శకుంతలమ్మ వైపు చూసింది. ఆమె కొడుకు నేవీలో ఉన్నాడు. సమ్మె అంటేనే మండిపడే మనిషి.

శకుంతలమ్మ మెల్లగా లేచింది. "నా కొడుకు ఓడ మీదుండాడు సార్. వానికి మేం జేసే బోర్డు కావల్ల, కాదనను. అమల పీనుగెందుకు కావల్ల? పెద్ద దేశాలు సముద్రం కోసం కొట్లాడుకుంటే ఈడ మా ఊపిరి తీసేదేంది?"

రెండు జెండాలూ మడిచి బల్ల మీద పెట్టి, బయటికి నడిచింది. ఒకరి వెనక ఒకరు అందరూ కదిలారు.

అతిథుల కార్లు వచ్చేసరికి వాళ్లంతా గేటుకు అడ్డంగా కూర్చుని ఉన్నారు. హరినాథ్ ఉరికెళ్లి, ఇంగ్లీషులో ఏదో సర్దిచెప్పబోయాడు. ఇదంతా ఉత్తుత్తి 'డ్రిల్' అన్న మాట పంకజాక్షి చెవిన పడింది.

"డ్రిల్లు కాదు!" అని అరిచింది. "మా అమలను సంపినారు! తాళం తీసేదాకా లెయ్యం!"

అద్దాలైనా దించకుండా కార్లు వెనక్కి తిరిగాయి. అవి పోగానే పోలీసులు వచ్చారు. జుట్టు పట్టుకుని పంకజాక్షిని వ్యాన్‌లోకి ఈడ్చారు. దేశభద్రత చట్టం కింద లోపలేస్తామన్నారు. అయినా ఆమె వ్యాన్ జాలీకి మొహం ఆనించి, గొంతు చిరిగేలా అరుస్తూనే ఉంది.

అప్పుడే సాయంత్రం షిఫ్టు బస్సులు వచ్చి ఆగాయి.

"లోపలికి పదండి!" హరినాథ్ గద్దించాడు.

దిగినవాళ్లు వ్యాన్ వైపు చూశారు. ముందుగా ఐశ్వర్య అనే అమ్మాయి వచ్చి, పంకజాక్షి కూర్చున్న చోటే కూర్చుంది. తర్వాత మిగిలినవాళ్లు. చోటు చాలక రోడ్డు మీదికి వచ్చేశారు. వ్యాన్‌కు దారి లేదు.

"లేవండి, చెప్తున్నా!" హరినాథ్ అరిచాడు.

శకుంతలమ్మ తలెత్తింది. ఇన్నేళ్లలో ఆమె నోట మొదటిసారి 'సార్' రాలేదు.

"ముందు వ్యాన్‌లోంచి ఆ పాపను దించు. ఆపైన ఆ వెనక తలుపు తెరువప్పా."