ఆరో పేజీలో ఉంది

ఆఫీసులో అందరూ ఆమెను కత్తెరక్క అంటారు. ఎదురుగా కాదులెండి, వెనకాల. యంత్రాలను ఎలా వాడాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకాలు తయారుచేసే ఆఫీసు అది. ఇంజనీర్లు రాసి పంపింది చదివి, దిద్ది, అనవసరమైనది కత్తిరించడం ఆమె పని. పొడి అక్షరాల విషయంలో మాత్రం ఆమెది ఇనుప చట్టం. నాలుగైదు మాటల పేరును మొదటిసారి వచ్చినచోట పూర్తిగా రాయాలి, పక్కనే పొడి అక్షరాలు పెట్టాలి. ఆ తర్వాత పుస్తకం చివరిదాకా అక్షరాలే. ఎవరైనా మర్చిపోయి రెండోసారి పూర్తిపేరు రాశారో, "పాడిందే పాడటానికి మనమేమన్నా పాచిపళ్ళ దాసరులమా?" అని అక్కడికక్కడే కొట్టేసేది.

చెడ్డ చట్టమని ఎవరూ అనలేరు. పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి వరసగా చదివేవాళ్ల కోసం పుట్టింది. యంత్రం పుస్తకాన్ని అలా చదివే మహానుభావుడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదన్న సంగతే ఆ ఆఫీసులో ఎవరి బుర్రకూ తట్టలేదు.

ఆమె తమ్ముడు ఒక పెద్ద లాండ్రీలో పనిచేసేవాడు. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు గుట్టలుగా వచ్చిపడే చోటు. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఈమే. పెళ్లీ గిళ్లీ అనే ఆలోచన పక్కన పెట్టి, చేతనైనంత చదివించబోయింది. వాడికి అక్షరం అబ్బలేదు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలడు, అంతవరకే. "పుస్తకం తెరవరా" అన్న మాట ఆ ఇంట్లో వినబడని రోజు లేదు. పనిలో మాత్రం ఘటికుడు. మొరాయించిన యంత్రమైనా వాడు చెయ్యి వేస్తే మాట వినేది.

ఆ లాండ్రీకి కొత్తగా దుప్పట్లు ఇస్త్రీ చేసే యంత్రం వచ్చింది. వేడి రోలర్ల మధ్యనుంచి దుప్పటి వెళ్లి, అవతలివైపు మడతగా బయటికొస్తుంది. దాని పుస్తకం దిద్దింది తానేనని ఆమె చెబితే, వాడు లాండ్రీ అంతా చాటుకున్నాడు. ఆ పుస్తకం మాత్రం యజమాని బీరువాలోకి పోయింది. కొత్తది, నలిగిపోతుందని ఆయన భయం. గుడ్డ ఇరుక్కుంటే ఏం చెయ్యాలో చెప్పే పేజీ ఒక్కటి జిరాక్స్ తీయించి, యంత్రం పక్క గోడకు అంటించారు. అక్కడి పద్ధతి అదే. ఏ యంత్రానికైనా ఒక పేజీ, ఒక గోడ.

ఆ పేజీలో మొదటి వాక్యం: మూత తెరిచే ముందు ఎల్.ఓ.టి.ఓ. చెయ్యాలి.

తమ్ముడు అది చదివాడు. తెలియలేదు. పక్కవాళ్లను అడిగాడు, వాళ్లకూ తెలియలేదు. మధ్యాహ్నం అక్కకు ఫోన్ చేశాడు. ఆమె అప్పుడు ఇంకో పుస్తకం ప్రెస్సుకు పంపే హడావుడిలో, తల ఎత్తడానికి తీరిక లేకుండా ఉంది.

"ఆరో పేజీలో ఉందిరా. చదువుకో. అన్నీ నన్నే అడిగితే ఇక పుస్తకమెందుకు?"

వాడు సరేనన్నాడు. తన దగ్గర ఆరో పేజీ లేదన్న మాట చెప్పలేదు. చెబితే ఇంకో నాలుగు అక్షింతలు పడతాయని ఊరుకున్నాడేమో. సాయంత్రం ఇంట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. వాడు మళ్లీ అడగలేదు, ఆమెకు గుర్తు రాలేదు.

ఆరో పేజీలో ఉన్నది ఇంత: ఎల్.ఓ.టి.ఓ. పూర్తిపేరు లాకౌట్ టాగౌట్, అంటే తాళమూ చీటీ; కరెంటు మెయిన్ ఆపాలి, దానికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలి, 'లోపల మనిషి చెయ్యి ఉంది' అని చీటీ తగిలించాలి. గోరంత పని. కొన్నాళ్లకు ఒక దుప్పటి రోలర్ల మధ్య ఇరుక్కుంది. తమ్ముడు బటన్ నొక్కి యంత్రాన్ని ఆపి, మూత తెరిచి చెయ్యి పెట్టాడు. దుప్పట్ల గుట్ట అడ్డంగా ఉండి అవతలివైపు పనివాడికి వాడు కనబడలేదు. యంత్రం ఊరికే ఆగిందనుకుని మళ్లీ నొక్కాడు. ఆసుపత్రిలో కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు.

విచారణ పెట్టారు. పనివాడు తెలుసుకోవడానికి ప్రయత్నించి ఉంటే లాండ్రీ వాణ్ణి చూసుకోవాలి. నిర్లక్ష్యమని తేలితే ఉత్త చేతులతో పంపెయ్యవచ్చు. ఉత్త చెయ్యి అనాలేమో. కత్తెరక్క ఆఫీసు పెద్ద ఆమెను పిలిచి, మన పుస్తకంలో తప్పు లేదు, ఆరో పేజీ చూపించి వచ్చెయ్యి, ఎక్కువ మాట్లాడకు, మాట్లాడితే ఇక్కడ కుర్చీ ఉండదు అని మెత్తగానే చెప్పాడు. ఆమె తలూపింది. ఇంటికొచ్చి ఆ మాట తమ్ముడితోనూ అంది. ఆ రాత్రి మాత్రం తీర్మానించుకుంది, ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యాలని. వాడి బతుకు కంటే కుర్చీ ఎక్కువా?

విచారణ గదిలో అధికారి ముందు తమ్ముణ్ణే అడిగాడు. ఆ అక్షరాలకు అర్థమేమిటో ఎవరినైనా అడిగావా?

వాడు పక్కన ఉన్న పనివాళ్ల పేర్లు కూడా ఎత్తలేదు. "లేదు సార్" అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. "అడిగాడండీ. నన్నే అడిగాడు. నేనే చెప్పలేదు."

అధికారి వాడివైపు చూశాడు. వాడు నేలచూపులు చూస్తూ, "మా అక్క కదా సార్, నా మీద ప్రేమకొద్దీ అలా అంటోంది. నేను అడగలేదు. చదువుకోకపోవడం నా తప్పే" అన్నాడు.

అధికారి చెడ్డవాడు కాదు. అక్క అన్నాక ఆమాత్రం చెప్పకుండా ఉంటుందా అన్నట్టు జాలిగా నవ్వి, ఆమెను కూర్చోమన్నాడు. జీవితంలో ఒక్కసారి తన తప్పు తానే పట్టుకుంటే, ఆమె మాట నమ్మే దిక్కు లేకపోయింది. నిర్లక్ష్యమని రాసుకున్నారు.

బయటికొచ్చాక బస్టాపులో ఆమె ఏడుస్తూ అడిగింది. "ఎందుకురా అబద్ధం చెప్పావు?"

"నా పని ఎలాగూ పోయింది. పక్కవాళ్లను అడిగానన్నా, తర్వాత ఎవర్ని అడిగావంటూ నీ దగ్గరికే వచ్చేవాళ్లు. నీదీ పోతే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారక్కా?" అన్నాడు వాడు. మళ్లీ వాడే, ఓదార్చబోయినట్టుగా అన్నాడు: "అయినా ఆ రోజు నువ్వు చెప్పే ఉంటావులే. మిషన్ల గోలలో నాకే వినబడి ఉండదు."

ఆమె చెప్పిందీ లేదు, వాడికి వినబడకపోయిందీ లేదు. ఇద్దరికీ తెలుసు. ఇక బతికినన్నాళ్లూ ఒకే ఇంట్లో, అది తెలిసే ఉండాలి.